పొయ్యి వంటింట్లో, వెచ్చదనం పక్కగదిలో

మనకి చలంటే సంక్రాంతికి ముందు నాలుగు రోజులు. భోగిమంటతో సరి! కొరియాలో అలా కాదు, నదులే గడ్డకట్టే చలి. గదిగదికీ వేడిగాలిని మోసే గొట్టాలు లేని ఆ పాతకాలపు ఇళ్ళలో ఓ కుంపటి పెట్టుకుంటే పోలేదా అంటారేమో. కుంపట్లూ ఉండేవి. కానీ వేడిగాలి తిన్నగా కప్పుకి ఎగబాకుతుంది. నేలమీద కూర్చుని తిని, నేలమీదే పడుకునేవాళ్ళకి దానివల్ల ఒరిగేదేముంది?

అందుకని నేలనే వెచ్చబెట్టుకున్నారు. వంటింటి పొయ్యి పొగని ఊరికే పోనివ్వకుండా, పక్కగది నేల కింద కట్టిన కాలవల్లోంచి నడిపించి, అవతలివైపు పొగగొట్టంలోంచి బయటికి వదిలారు. కాలవలపైన బండలు, బండలమీద మట్టిపూత, ఆపైన నూనె పట్టించిన కాగితం. దీన్నే 'ఒండోల్' అంటారు. అన్నం ఉడికిన మంటతోనే పడకా వెచ్చనయ్యేది. ఒకసారి కాగిన బండలు అంత తొందరగా చల్లారవు మరి.

పొయ్యివైపు చోటు అన్నిటికన్నా వెచ్చన. అది పెద్దవాళ్ళది. పొద్దుపోయి ఇంటికొచ్చే మగాయన అన్నం గిన్నె కూడా అక్కడే, దుప్పటి కింద. పొయ్యి ఊదే ఆవిడకి చోటెక్కడో మాత్రం నన్నడక్కండి!

1950-53 యుద్ధం తర్వాతి రోజుల్లో కట్టెలు పోయి, చిల్లులు పొడిచిన బొగ్గు దిమ్మలు వచ్చాయి. చవకే. కానీ ఆరిపోకుండా అర్ధరాత్రి లేచి మార్చాలి. ఎవరు లేచేవారో వేరే చెప్పాలా? అంతకంటే ఘోరం, నేల పగుళ్ళలోంచి వాసనైనా తెలియని కార్బన్ మోనాక్సైడ్ పైకొచ్చేది. పడుకున్నవాళ్ళు పడుకున్నట్టే పోయిన ఇళ్ళు ఎన్నో.

ఆఖరికి పొగని తప్పించి, నేలలో వేడినీళ్ళ గొట్టాలు పరిచారు. ఇవాళ సియోల్ అపార్టుమెంట్లలోనూ అదే పద్ధతి. బాయిలర్ మీట నొక్కితే చాలు, అర్ధరాత్రి ఎవరూ లేవక్కర్లేదు. చెప్పులు గుమ్మంలో విడిచి, వెచ్చటి నేలమీద చతికిలబడే అలవాటు మాత్రం పోలేదు.