సేవ, కూలి, పరిగె

ఆషాఢ పూర్ణిమకు సింహాచల క్షేత్రమున జరుగు గిరిప్రదక్షిణము విశాఖపట్టణ ప్రాంతమువారికి సుపరిచితము. చతుర్దశినాటి మధ్యాహ్నము మొదలుకొని మరునాటివరకు లక్షలకొలది జనులు కొండచుట్టును గల 32 కిలోమీటర్ల దారిని కాలినడకను దాటుదురు. ఆ దారి హనుమంతవాక మీదుగా వచ్చి జోడుగుళ్లపాలెమువద్ద సముద్రతీరమును తాకును. దారిపొడుగునను మజ్జిగ, మంచినీరు, పులిహోర, అరటిపండ్లు పంచిపెట్టు పందిళ్లు వెలయును. మా పాఠశాల రుషికొండకు సమీపమున నుండుటచే నేనును ఏటేట కొందరు విద్యార్థులను వెంటబెట్టుకొనిపోయి యొక పందిటిలో మజ్జిగ పంచుచుందును.

ఒక యేడు తెల్లవారుజామున పని ముగించుకొని తిరిగివచ్చుచుండగా, మేము పంచిన కాగితపు గ్లాసులే దారినిండ పడియుండుటయు, కొందరు స్త్రీలు చీపుళ్లతో వానిని ఊడ్చుచుండుటయు చూచితిమి. వారిలో నొకామె మా విద్యార్థి తల్లి. ఆ బాలుడు తల్లిని పలుకరించి వచ్చి నన్నిట్లడిగెను: “మాస్టారూ, రాత్రి మేము చేసినది సేవ అన్నారు. మా అమ్మ చేసేది కూలిపని. ఆమె ఊడ్చకపోతే మా సేవంతా ఈ దారిమీదే పడి ఉంటుంది గదా! మరి రెండింటిలో ఏది గొప్పదండీ?”

రెండును గొప్పవే యని చెప్పి యప్పటికి తప్పించుకొంటిని. ఆ సమాధానము నాకే రుచింపలేదు. తరువాత ఈ విషయమునుగూర్చి నేను చదివిన చరిత్రలలో యూదుల ద్రాక్షకోత పండుగ చరిత్ర నాకు మిక్కిలి యుపకరించినది. విశ్వాసముచే కూలి కోరక కోతపని చేయువారు, కూలికొరకు చేయువారు, కోత ముగిసిన పిదప పరిగె ఏరుకొనువారు, ఈ మూడు తెగలవారును ఆ చరిత్రలో కానవత్తురు. అందొక యధ్యాయము మన గుంటూరు మండలమున జరిగినది. అందుచే దానిని పాఠకుల యెదుట నుంచుచున్నాను.

యూదుల తిష్రీ మాసమున 15వ దినమున పర్ణశాలల పండుగ ప్రారంభమగును. వారి మాసములు చాంద్రమానమునకు లోబడినవగుటచే ఆ దినము పూర్ణిమయే. మన పంచాంగమున నది సాధారణముగ భాద్రపద పూర్ణిమకో, ఆశ్వయుజ పూర్ణిమకో సరిపోవును. 2023లో సెప్టెంబరు 29వ తేది సాయంకాలమునను, 2025లో అక్టోబరు 6వ తేది సాయంకాలమునను ఈ పండుగ ప్రవేశించినది. ఏడు దినములు యూదులు ఇంటి యావరణమున కొమ్మలతోను ఆకులతోను కప్పిన పందిరి వేసికొని యందు భుజింతురు, వీలైనవారు నిద్రింతురు. రాత్రివేళ నక్షత్రములు కనబడునట్లుగా కప్పు పలుచగ నుండవలెనని వారి పెద్దల యాదేశము.

ఈ పండుగకు రెండర్థములు కలవు. ఐగుప్తు దేశమున ఫరోకు వెట్టి చేసి, విడుదల పొంది, ఎడారిలో పర్ణశాలలయందు తిరుగాడిన పూర్వులను స్మరించుట యొకటి. కళ్లమునందలి ధాన్యమును, గానుగతొట్టియందలి ద్రాక్షారసమును ఇల్లు చేరినపుడు సంతోషించుట రెండవది. గాదెలు నిండిన దినముననే ధనికుడు మేడ విడిచి ఆకుల పందిటి క్రింద కూర్చుండవలె నను నియమమున నెంత యోచన యున్నదో గమనింపుడు. ఆ పందిటిలోనికి ఎవరెవరిని పిలువవలెనో ద్వితీయోపదేశకాండము పట్టిక వ్రాసి యిచ్చినది: కొడుకు, కూతురు, దాసుడు, దాసి, లేవీయుడు, పరదేశి, తండ్రిలేని బిడ్డ, విధవరాలు. యజమానుని సంతోషమున పనివానికి పాలుండుట యచ్చట దయ కాదు, విధి.

ద్రాక్షతోటను గూర్చిన ధర్మములు ఇంతకంటె సూక్ష్మములు. తోటలో రాలిన పండ్లను యజమానుడు ఏరుకొనరాదు. ఒకమారు కోసిన తీగెను మరల తడవరాదు. మిగిలినది బీదలదియు పరదేశులదియు. సుమారు క్రీ. శ. 200 ప్రాంతమున కూర్పబడిన మిష్నా యను ధర్మసంహిత ఈ సూత్రములను విప్పి చెప్పినది. కోయునపుడు చేజారి పడిన విడిపండు బీదలది; సరిగా రూపు కట్టని చిన్నగుత్తి బీదలది; ధాన్యపు చేనైనచో ఒక మూల కోయక విడువవలెను, ఆ విడుచు భాగము చేనిలో అరువదవవంతునకు తక్కువ కారాదు. ఇక కూలివానిమాట. బీదయైన కూలివాని కూలిని సూర్యాస్తమయమునకు ముందే చెల్లింపవలెనని శాసనము. ఈ ధర్మములు చెప్పిన వెంటనే ఆ గ్రంథము, మీరును ఒకనాడు ఐగుప్తులో దాసులై యుంటిరని జ్ఞప్తికి దెచ్చును. వెట్టి చేసినవారి సంతతి మరియొకనిచేత వెట్టి చేయించుకొనరాదను భావము ఈ శాసనములన్నింటికిని పునాది.

మన వాఙ్మయమున పరిగె ప్రస్తావన లేకపోలేదు. సంస్కృతమున దానిని ఉంఛ మందురు. చేనిలో రాలిన గింజలను, విడిచిన వెన్నులను ఏరుకొని బ్రదుకుటను మనువు ఋత మని పేర్కొని జీవనోపాయములలో మొదట చెప్పినాడు. భారతమున అశ్వమేధపర్వమునందలి సక్తుప్రస్థుని కథ ఎల్లరు నెరిగినదే. కరవుకాలమున కురుక్షేత్రమందలి యొక యుంఛవృత్తి బ్రాహ్మణుడు, అతని భార్య, కొడుకు, కోడలు తమ పేలపిండి భాగములను ఒకరి తరువాత నొకరు అతిథి కర్పించిరి. ఆ పిండి రాలినచోట పొరలిన ముంగిసకు సగము మేను బంగారమయ్యెను. తక్కిన సగము ధర్మరాజు చేసిన యశ్వమేధముచే సైతము బంగారము కాలేదు.

కథ యుత్తమోత్తమము. అయినను రెండు సంప్రదాయములను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో ఒక భేదము స్ఫురించును. మన కథ పరిగె ఏరుకొనువాని తపస్సును కొనియాడినది; యూదుల శాసనము చేను గలవాని బాధ్యతను నిర్ణయించినది. బీదవాని యోర్పునకు మనము స్తోత్రములు వ్రాసితిమి. ఆ చేని యజమానుడు ఎన్ని వెన్నులు విడువవలెనో మన కవి యడుగలేదు. మన పల్లెలలో కళ్లమువద్ద పనిపాటలవారికి మేర కొలిచి యిచ్చు నాచార ముండెడిది, నిజమే. కాని యది కులమును బట్టి వచ్చిన పనికి ముడిపడిన భాగము. ఆ పని వలదని తొలగిపోవు స్వాతంత్ర్యము దానితోబాటు రాలేదు. ఆ ముడి బిగిసినచోట మేర పోయి వెట్టి మిగిలెను. నిజాము రాష్ట్రపు పల్లెలలో వెట్టిచాకిరి యెంత క్రూరముగ సాగెనో, 1946 నుండి 1951 వరకు తెలంగాణమున చెలరేగిన సాయుధపోరాటమునకు అది యెట్లొక ముఖ్యకారణమయ్యెనో చదువరులెరుగుదురు. 1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము 23వ అధికరణముచే వెట్టిని నిషేధించినది. అయినను ఆ నిషేధమునకు తోడుగ 1976లో కట్టుబానిసత్వ నిర్మూలన చట్టము మరల చేయవలసివచ్చెను.

ఇక ఈ కాలపు ద్రాక్షకోతకు వత్తము. యెరూషలేమునకు ఉత్తరమున షోమ్రోను లేక సమరయ యని ప్రాచీన నామము గల కొండలు కలవు. పూర్వము ఎఫ్రాయీము గోత్రమువారికి నివాసమైన సీమ యది. ఈ శతాబ్దపు తొలి దశాబ్దము మొదలుకొని అమెరికా మొదలగు దేశముల క్రైస్తవులు కొందరు హయోవెల్ అను సంస్థ పక్షమున శరదృతువున ఆ కొండలకు వచ్చి యూదుల ద్రాక్షతోటలలో కూలి లేకుండ కోతపని చేయుచున్నారు. సమరయ పర్వతములపై మరల ద్రాక్షతోటలు నాటబడునని యిర్మీయాయు, అన్యజనులు వచ్చి ద్రాక్షతోటలలో పని చేయుదురని యెషయాయు పలికిన ప్రవచనములకు తమ పని నెరవేర్పని వారి విశ్వాసము. ద్రాక్షసారాయమును యూదేతరులు తాకరాదను నియమము నిష్ఠాపరులైన యూదులలో కలదు. కాబట్టి ఈ సేవకుల పని తోటతో ముగియును. వీరి రాక వెనుక మతప్రచారముండునేమోయని యూదులలోనే కొందరు శంకించిరి. శతాబ్దముల తరబడి క్రైస్తవులచేత బాధలు పడిన జాతి తోటలో క్రైస్తవుడు బుట్ట మోయుట చిన్న విషయము కాదని మరికొందరు స్వాగతించిరి.

ఎండలో మోకాళ్లపై వంగి పండ్లు కోయు నా యువకుల విశ్వాసమును నేను తక్కువ చేయను. కాని యొక ప్రశ్న యడుగక తప్పదు: ఈ నేల యెవరిది? 1967 యుద్ధమున ఇజ్రాయేలు వశమైన ఆ సీమను పాలస్తీనీయులు తమదందురు. వారి ద్రాక్షతోటలు, ఒలీవతోటలు అక్కడనే యున్నవి. ఆ యాక్రమణము చట్టవిరుద్ధమని అంతర్జాతీయ న్యాయస్థానము 2024 జూలై 19న అభిప్రాయము ప్రకటించినది. హయోవెల్ అనగా హెబ్రీభాషలో ఏబదవ సంవత్సరపు మహోత్సవము. లేవీయకాండము ననుసరించి ఆ యేట దాసులు విడుదల పొందుదురు. అమ్ముడుపోయిన నేల మొదటి కుటుంబమునకు తిరిగి చేరును. ఆ పేరు పెట్టుకొన్నవారు నేలను గూర్చిన ప్రశ్నను దాటిపోజాలరు. పొరుగువాడు తనదని మొరపెట్టుకొను చేనిలో చేసిన సేవ యెంత నిర్మలమైనదైనను ఆ తగవులో నొక పక్షమునకు బలమగును.

ఎఫ్రాయీము కొండలనుండి గుంటూరు మండలమునకు వచ్చుట వింతగ తోచవచ్చును. కాని చేబ్రోలు సమీపమున కొత్తరెడ్డిపాలెమున తాము ఎఫ్రాయీము సంతతివారమని చెప్పుకొను తెలుగు కుటుంబములు కొన్ని కలవు. వారు బెనె ఎఫ్రాయీములు. శామ్యూల్ యాకోబి, సాదోక్ యాకోబి యను సోదరుల నాయకత్వమున 1980వ దశాబ్దపు చివర నీ సంఘము యూదాచారములను చేపట్టి, 1991లో ప్రార్థనామందిరమును నెలకొల్పుకొన్నది. వీరిలో పెక్కురు మాదిగలు, వ్యవసాయకూలీలు. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అను పరిశోధకులు వీరిని గూర్చి 2013లో ఆంగ్లమున నొక గ్రంథము ప్రకటించిరి. వీరి వంశవాదమును ఇజ్రాయేలు ప్రభుత్వము సామూహికముగ నంగీకరింపలేదు. వంశవాదము నిలుచునో నిలువదో, వారి మనస్సు నాకర్షించినదేదో ఊహించుట కష్టము కాదు. వెట్టినుండి విడుదలయైన జాతి కథయది.

వీరి పూర్వమతము బాప్తిస్తు క్రైస్తవము. ఆ మతము మాదిగపల్లెలలో వ్యాపించిన చరిత్రలో మనకు కావలసిన ఘట్టమొకటి కలదు. 1876 నుండి 1878 వరకు వచ్చిన మహాక్షామమున ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి పని కల్పించి కూలి యిప్పించెను. క్షామకాలమున మతములో చేరవచ్చినవారిని చేర్చుకొనలేదు. అన్నముకొరకు వచ్చిరను మాట రాకూడదని ఆగెను. సహాయము ముగిసిన పిదప 1878 జూలై 3న ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. మతాంతరీకరణమును గూర్చి మన యభిప్రాయమేదైనను, ఆకలిగొన్నవానికి సేవానామము మీద ఉచితపు పని చెప్పక, పనికి తగిన కూలి చేతిలో పెట్టవలెనని యెరిగిన మతనాయకుడాతడు.

కొత్తరెడ్డిపాలెమున పర్ణశాలల పండుగ వచ్చునప్పటికి కృష్ణాడెల్టాలో వరి పచ్చగనే యుండును. కోతలు మార్గశిర పుష్యములలో గాని రావు. పంట యింటికి చేరిన సంతోషమునకై యేర్పడిన పండుగను, తమది కాని చేను ఇంకను పండక మునుపు ఆ కూలీలు జరుపుకొందురు. ఎఫ్రాయీము కొండలలో సముద్రములు దాటి వచ్చినవారు పుణ్యముగ చేయు కోతపని, ఎఫ్రాయీము బిడ్డలమను ఈ తెలుగువారికి జీవనోపాయము. పని యొక్కటే. వలదని చెప్పి యింటికి పోగల స్వాతంత్ర్యము ఒకరికున్నది, రెండవవారికి లేదు.

మా విద్యార్థి ప్రశ్నకు ఇప్పుడు నాకు కొంత సమాధానము దొరకినది. కూలి లేకుండుటచే పని సేవ కాజాలదు. వెట్టికిని కూలి లేదు. చేయువానికి ఇష్టముండవలెను. చేయు చోటు పరుల హక్కునకు భంగకరము కారాదు. ఆ సేవవలన మరియొకని కూలి పోరాదు, వాని బరువు పెరుగరాదు. మా మజ్జిగ పందిరి మొదటి రెండు పరీక్షలయందును నిలిచినది, మూడవదానిలో తప్పినది. మా పుణ్యపు మూట నొకామె చీపురుతో మోసినది.

మరుసటి యేడు చీపుళ్లు మేమే పట్టుదమని కొందరు పిల్లలనిరి. “అలా చేస్తే ఆ రోజు కూలి అమ్మకు పోతుంది” అని ఆ బాలుడే వారించెను. చివరకు ఇండ్లనుండి స్టీలు గ్లాసులు తెచ్చి, పంపు దగ్గర కడుగుచు పంచితిమి. నాలుగు వందల గ్లాసులు కడుగుటకు మజ్జిగ చిలుకుటకంటె నెక్కువ శ్రమయైనది. తెల్లవారి మా పందిరి యెదుట ఊడ్వవలసినది ఎక్కువ లేకుండెను. ఆ తల్లి చీపురు ప్రక్కన నుంచి, మా బల్లపై కూర్చుండి ఒక గ్లాసు మజ్జిగ త్రాగినది. ఆ గ్లాసును ఆమె కుమారుడు కడిగెను.