చెక్క పెంకుల కప్పు: ఒక నగరం నేర్చిన పాఠం

వేసవిలో పడమటిగాలి విసరుతున్నప్పుడు తాటాకు ఇండ్ల పేటలో ఒక్క పొయ్యి నుంచి రవ్వ లేచినా ఏమవుతుందో తెలుగు పల్లెలలో వేరే చెప్పనక్కరలేదు. మంట వీధి దాటనవసరం లేదు. రవ్వ దాటితే చాలును. సంపన్నులు, విద్యావంతులు నివసించే ఆధునిక నగరాలకు ఇట్టి భయం ఉండదని తోచవచ్చును. అది నిజం కాదని అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రానికి చెందిన బర్క్లీ నగర చరిత్ర చెబుతున్నది.

బర్క్లీ శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతానికి తూర్పు ఒడ్డున ఉన్నది. నగరం వెనుక కొండల వరుస, ఆ కొండల పాదాన కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం. అక్కడ వానలు చలికాలంలో కురుస్తాయి. వేసవి అంతా వాన ఉండదు. అందువల్ల సెప్టెంబరు నాటికి కొండలమీది గడ్డి, పొదలు పూర్తిగా ఎండిపోతాయి. మామూలుగా సముద్రం నుంచి చల్లని తేమగాలి వీస్తుంది. కాని ఆ ఋతువులో కొన్ని రోజులు గాలి తిరగబడి, ఈశాన్యం నుంచి వేడిగా, పొడిగా, కొండలు దిగి నగరంమీదికి వీస్తుంది.

1923 సెప్టెంబరు 17న అటువంటి గాలే వీచినది. కొండల వెనుక గడ్డిలో పుట్టిన మంట శిఖరం దాటి, విశ్వవిద్యాలయానికి ఉత్తరాన ఉన్న నివాసప్రాంతంలో ప్రవేశించినది. కొద్ది గంటలలో 584 ఇండ్లు భస్మమైనవి. సుమారు 4,000 మంది నిలువనీడ లేనివారైనారు. సాయంకాలం సముద్రపు గాలి తిరిగి రావడంతో మంట వెనుకంజ వేసినది.

ఇంత వేగంగా ఎట్లు వ్యాపించినది? ఆ ఇండ్ల కప్పులలో చాలా భాగం చెక్క పెంకులు. ఒక దుంగను, అంతే బరువుగల చెక్క పేళ్లను పక్కపక్కన ఉంచి నిప్పు తాకిస్తే, పేళ్లు క్షణంలో అంటుకొంటాయి; దుంగ నల్లబడి ఊరుకొంటుంది. బరువు ఒకటే అయినా, పేళ్లలో వేడిని, గాలిని తాకే ఉపరితలం ఎన్నో రెట్లు ఎక్కువ. చెక్క పెంకు అటువంటి పేడే. మంటమీద వేడెక్కిన గాలి తేలికై పైకి లేస్తుంది. దానితో పాటు మండుతున్న పెంకులు కూడా లేచి, గాలివాటున వీధులు దాటి, మరొక కప్పుమీద వాలుతాయి. ఈ విధంగా ప్రతి కప్పూ మొదట నిప్పును అందుకొనేది, తరువాత నిప్పును పంచిపెట్టేది అయినది.

ఈ సంగతి నాటివారికి తెలియకపోలేదు. అగ్నిప్రమాదం తరువాత నగరసభ చెక్క పెంకుల కప్పులను నిషేధిస్తూ శాసనం చేసినది. కాని పెంకుల తయారీదారులు వ్యతిరేకించడం వల్ల, అది అమలులోకి రాకముందే రద్దయినది. చట్టం కోరే ఖర్చు ప్రతి యజమానికి నేడే కనబడుతుంది. అది తప్పించే నష్టం మాత్రం ఎవరి కంటికీ కనబడదు. స్థానిక ప్రభుత్వాలకు ఇదే అన్నిటికంటె కష్టమైన లెక్క.

ఇటువంటి తడబాటు బర్క్లీకే పరిమితం కాదు. 1961 నవంబరు 6న లాస్ ఏంజిలిస్ నగరంలోని బెల్ ఎయిర్ కొండలలో 484 ఇండ్లు కాలిపోయినవి. అక్కడ కూడా చెక్క కప్పులే మంటకు ఎరువైనవి. అయినా నగరమంతటా కొత్త చెక్క పెంకులను పూర్తిగా నిషేధించడానికి 1989 వరకు పట్టినది.

1991 అక్టోబరు 20న, బర్క్లీకి ఆనుకొని ఉన్న ఓక్లండ్ కొండలలో, ముందురోజు ఆర్పిన చిన్న మంట ఈశాన్యపు గాలికి తిరిగి రాజుకొన్నది. మొదటి గంటలోనే సుమారు 790 కట్టడాలు అంటుకొన్నవి. మొత్తం 25 మంది మరణించారు. మూడువేలకు పైగా నివాసాలు నాశనమైనవి. ఇరుకైన కొండదారులలో పారిపోయే కార్లు, ఎదురువచ్చే అగ్నిమాపక శకటాలు చిక్కుకొన్నవి. ఓక్లండ్ నీటికొళాయిల మూతి 3 అంగుళాలు. సహాయానికి వచ్చిన ఇతర ఊళ్ల దళాల గొట్టాలు రెండున్నర అంగుళాలవి. మధ్య అతుకు లేనిదే నీరు అందలేదు. కప్పు, దారి, కొళాయి మూతి మూడూ పూర్వం ఎవరో ఒక సభలో కూర్చొని నిర్ణయించినవే.

తరువాతి పరిశోధన మరొక విషయం తేల్చినది. 1990 దశకం చివర కెనడా ఉత్తరారణ్యాలలో శాస్త్రజ్ఞులు చెక్క గోడలను నిలబెట్టి, ఎదుట అడవిని కావాలని తగులబెట్టి చూశారు. 10 మీటర్ల దూరంలోని గోడలు కొన్నిసార్లు అంటుకొన్నవి. 30 మీటర్ల దూరంలోనివి అంటుకోలేదు. అంటే కార్చిచ్చు వికిరణం వల్ల వచ్చే వేడి దూరంతో త్వరగా క్షీణిస్తుంది. రవ్వ అట్లు కాదు. అది ఎంతో దూరం ప్రయాణించి, కప్పు సందున, చూరు కింద, గాలిరంధ్రంలో, గోడ పక్కన పేర్చిన కట్టెలలో చేరుతుంది. ఇంటి రక్షణ అడవిలో కాదు, ఇంటిలోనూ దాని చుట్టూ ఉన్న కొద్ది గజాల నేలలోనూ ఉన్నదన్నమాట.

1992లో రాష్ట్రం ఒక చట్టం ద్వారా నగరాలలోని అత్యంత ప్రమాదకర ప్రాంతాలను గుర్తించే ఏర్పాటు చేసినది. 2008 నుంచి అట్టి ప్రాంతాలలో కట్టే కొత్త ఇండ్ల కప్పులకు, గోడలకు, కిటికీలకు, గాలిరంధ్రాల జల్లెడలకు ప్రత్యేక నియమాలు వచ్చినవి. అయితే పాత ఇండ్లకు ఆ నియమాలు వర్తించవు. 2018 నవంబరు 8న ప్యారడైజ్ పట్టణాన్ని, పరిసరాలను దహించిన కార్చిచ్చులో 85 మంది మరణించారు. నిలిచిన ఇండ్లను, కాలిన ఇండ్లను పోల్చి చూచినవారికి, పక్కన కాలిన ఇల్లు ఎంత దూరంలో ఉన్నదన్నది ముఖ్యకారణాలలో ఒకటిగా కనబడినది.

1923 నాటి శాసనాన్ని రద్దుచేసుకొన్న బర్క్లీలోనే, 2025లో నగరసభ కొండమీది కొన్ని వాడలలో గోడ నుంచి ఐదడుగుల మేర మండే వస్తువు ఉండరాదని తీర్మానించినది. ఈ నియమం పాత ఇండ్లకు కూడా వర్తిస్తుంది. ఇష్టపడి పెంచుకొన్న పూలపొదను తీసివేయడం ఎవరికైనా కష్టమే. కాని ఆ పొదలో పడిన రవ్వ ఆ ఇంటితో ఆగదు. కప్పు ఇంటివానిదే అయినా, దాని మీద నుంచి లేచే రవ్వ వాడవారందరిదీ. ఇల్లు కాలుతున్నప్పుడు బావి త్రవ్వడం తగదని మన పెద్దలు అన్నారు. ఇల్లు కాలి, బావి త్రవ్వడానికి నిశ్చయించి, మంట చల్లారగానే పలుగు దించివేసిన నగరానికి మళ్లీ పలుగెత్తడానికి నూరేండ్లు పట్టినది.