ఎందుకు రాయాలి?

వ్యాసం రాస్తామని సంపాదకులకు ఉత్తరం పంపే ప్రతి స్త్రీకీ 'ఎందుకు?' అనే ప్రశ్న ఎదురవుతుంది. మా నిడదవోలు చాళుక్య వీరభద్రుణ్ణి పెళ్లాడిన రుద్రమదేవి మీద రాస్తానంటే, ఒక సంపాదకుడు 'ఆమె నగల గురించి రాయండి, ఆడవాళ్లు చదువుతారు' అన్నారు.

ఆ ప్రశ్నకు వందేళ్ల కిందటే జవాబు చెప్పినామె భండారు అచ్చమాంబ (1874-1905). బడికి వెళ్లకుండా, తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు తోడ్పాటుతో చదువుకుంది. 1901లో అచ్చయిన 'అబలా సచ్చరిత్ర రత్నమాల' ముందుమాటలో ఆమె తన ఉద్దేశం సూటిగా చెప్పింది: స్త్రీలు బలహీనులు, తెలివితక్కువవాళ్లు, చదివితే చెడిపోతారు అనేవాళ్ల మాట అబద్ధమని నిజంగా బతికిన స్త్రీల చరిత్రలతో చూపడం. పాఠకుల కాలక్షేపానికని ఆమె అడగలేదు. ఒక వాదన నిలబెట్టడానికి చోటు అడిగింది. మరుసటి ఏడు ఏలూరులో 'హిందూ సుందరి' పత్రిక మొదలైంది. అదే ఏడు ఆమె కథ 'ధనత్రయోదశి' అందులో వచ్చింది.

విషయం ఎంత ఆసక్తికరమో చెప్పుకుంటే మనకు దొరికేది నగల శీర్షికే. ఏ అబద్ధాన్ని ప్రశ్నిస్తున్నామో చెబితే సంపాదకులు వాదనకైనా దిగాలి.

అందుకే నా ప్రతిపాదనలో మొదటి వాక్యం ఇప్పుడిది: శాసనాల్లో 'రుద్రదేవ మహారాజు'గా కనిపించే పాలకురాలు, 1289 నాటి చందుపట్ల శాసనం మరణాన్ని తెలిపిన రాణి, మా ఊరి నోట ఇంకా 'కోడలు'గానే ఎందుకు మిగిలింది?