చక్రం మారితే నడత మారుతుంది – అమెరికా చాపర్ల కథ

మోటారుసైకిలు టైరు పక్కగోడ మీద ఒక అంకెల వరుస పోతపోసి ఉంటుంది. 3.25-19 అనో, 90/90-19 అనో. బండి నడిపేవారిలో చాలామంది కొత్త టైరు కొనే రోజున తప్ప ఆ అంకెల జోలికి పోరు. కానీ బండి చట్రాన్ని గీసిన ఇంజనీరు లెక్కకు ఆధారం ఆ అంకెలే. ఫోర్కు ఎంత వాలాలి, బండి ఎంత ఎత్తున నిలవాలి, మలుపులో ఎంత ఒరగగలదు అన్నవన్నీ వాటికి ముడిపడి ఉంటాయి.

గత శతాబ్దంలో అమెరికాలో కొందరు ఈ అంకెలను తమ ఇష్టప్రకారం మార్చుకున్నారు. వారిని నడిపించింది చాలావరకు కంటికింపు. దాని మూల్యం మాత్రం మలుపుల్లో చేతులు చెల్లించాయి. ఆ మార్పుల చరిత్రను, వాటి వెనక ఉన్న కారణాలను ఒకచోట చెప్పుకోవాలన్నది నా ప్రయత్నం.

అంకెల వెనక ఉన్న ఎత్తు

ముందుగా ఒక అపోహను తొలగించుకోవాలి. 16, 19, 21 అంటూ మనం చెప్పుకునేది రిమ్ము వ్యాసం, అంగుళాలలో. నేల నుంచి బండిని నిలబెట్టేది రిమ్ము కాదు, టైరుతో కలుపుకున్న మొత్తం చక్రం. 90/90-19 అంటే టైరు వెడల్పు 90 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 90 శాతం, అంటే 81. రిమ్ము వ్యాసం 483 మి.మీ.కు పైన ఒక 81, కింద ఒక 81 కలిపితే మొత్తం 645 మి.మీ. అదే కొలతలో 21 అంగుళాల చక్రం 695 మి.మీ. వస్తుంది.

హార్లీ డేవిడ్‌సన్ చరిత్రలో దీనికి చక్కని ఉదాహరణ ఉంది. 1930లలో ఆ సంస్థ పెద్ద బండ్లకు 4.00-18 టైర్లు ఉండేవి. 1940లో 5.00-16 టైర్లను ప్రవేశపెట్టింది. రిమ్ము రెండంగుళాలు తగ్గింది, టైరు లావెక్కింది. పాత టైర్లలో పక్కగోడ ఎత్తు దాదాపు వెడల్పుతో సమానం కాబట్టి లెక్క కట్టి చూస్తే రెండు చక్రాల మొత్తం వ్యాసమూ దరిదాపుగా 660 మి.మీ.యే. చట్రం ఉన్నచోటనే నిలిచింది. గాలి నిండిన మెత్తదనం మాత్రం పెరిగి, వెనక సస్పెన్షను లేని ఆ బండ్లమీద నడుముకు కొంత ఊరట దొరికింది. చక్రం మార్చడమంటే ఇలా మార్చాలి. అయితే ఆ తరువాతి చరిత్ర ఈ పద్ధతిలో సాగలేదు.

మొదటి దశ: తీసివేత

రెండవ ప్రపంచయుద్ధం 1945లో ముగిసింది. ఇంటికి తిరిగివచ్చిన అమెరికా సైనికులకు మోటారుసైకిళ్ళు కొత్త కావు. హార్లీ సంస్థ సైన్యానికి వేల సంఖ్యలో బండ్లు సరఫరా చేసింది. యుద్ధానంతరం యువకులు తమ బరువైన బండ్లను తేలిక చెయ్యడం మొదలుపెట్టారు. ముందు మడ్‌గార్డు పీకెయ్యడం, వెనక మడ్‌గార్డును పొట్టిగా కోసెయ్యడం, అక్కరలేని ఇనుమునంతా వదిలించుకోవడం. వీటికే బాబర్లని పేరు.

బాబరు యుగంలో కొలతలు పెద్దగా మారలేదు. చట్రపు కోణాలు ఎక్కడివక్కడే ఉన్నాయి, బరువు తగ్గింది. కనుక బండి చురుకైంది, బ్రేకుకు త్వరగా లొంగింది. నా దృష్టిలో కస్టమ్ బండ్ల చరిత్రలో అందమూ నడతా ఒకే దారిన నడిచిన కాలం అదే.

రెండవ దశ: సన్నని పెద్ద చక్రం

1960లకు వచ్చేసరికి కాలిఫోర్నియాలో చాపరు రూపుదిద్దుకుంది. పొడుగాటి ఫోర్కు, దాని చివర సన్నని 21 అంగుళాల చక్రం, వెనక లావాటి 16 అంగుళాల చక్రం. 1969లో వచ్చిన ‘ఈజీ రైడర్’ సినిమా ఆ రూపాన్ని ప్రపంచమంతటా చాటింది. అందులో పీటర్ ఫోండా నడిపిన ‘కెప్టెన్ అమెరికా’ బండిని చూడని మోటారుసైకిలు ప్రియులు అరుదు. ఆ సినిమా బండ్ల తయారీ వెనక ఉన్నవారు బెన్ హార్డీ, క్లిఫ్ వాస్ అనే ఇద్దరు నల్లజాతీయులు. సినిమా పేర్ల పట్టికలో వారి పేర్లు కనిపించవు. వారికి రావలసిన గుర్తింపు చాలా ఏళ్ళు గడిచాకగాని రాలేదు. బండి బొమ్మ గోడలకెక్కింది, కట్టినవారి పేరు మరుగున పడింది.

ఆ సన్నని చక్రం బండి నడతను ఏం చేసిందో తెలియాలంటే రెండు మాటలు తెలియాలి. ఫోర్కు నిట్టనిలువుగా ఉండదు, కొంత వెనక్కి వాలి ఉంటుంది. ఆ వాలుకోణాన్ని రేక్ అంటారు. స్టీరింగు తిరిగే గీతను నేలదాకా పొడిగిస్తే అది నేలను ఒకచోట తాకుతుంది. టైరు నేలను తాకే చోటు దానికి కొంత వెనక ఉంటుంది. ఈ రెండు చోట్ల మధ్య దూరమే ట్రెయిల్. ఆఫీసు కుర్చీ కాలి కింద ఉండే చిన్నచక్రాన్ని గమనించండి. కుర్చీని ఎటు తోసినా ఆ చక్రం తనంతట తానే తిరిగి వెనకపాటున చేరుతుంది. మోటారుసైకిలు ముందు చక్రాన్ని తిన్నగా ఉంచడంలోనూ అదే సూత్రం పనిచేస్తుంది.

కాగితం, పెన్సిలు దగ్గరున్నవారు ఈ లెక్క వేసి చూడవచ్చు. చక్రం వ్యాసార్ధాన్ని వాలుకోణపు సైనుతో గుణించాలి. స్టీరింగు గీతకు ఇరుసు ఎంత ముందుందో ఆ దూరాన్ని అందులోంచి తీసివెయ్యాలి. మిగిలినదాన్ని కొసైనుతో భాగిస్తే ట్రెయిల్ వస్తుంది. వాలు 30 డిగ్రీలు, ఇరుసు దూరం 50 మి.మీ. అనుకుందాం. 90/90-19 చక్రంతో ట్రెయిల్ 128 మి.మీ. మరేమీ మార్చకుండా 90/90-21 వేస్తే 143 అవుతుంది. అంతటితో ఆగదు. బండి ముందుభాగం 25 మి.మీ. లేచింది గనుక చట్రమంతా వెనక్కి వాలుతుంది. రెండు ఇరుసుల మధ్య 1500 మి.మీ. దూరముంటే ఆ వాలు దాదాపు ఒక డిగ్రీ. దాన్నీ కలిపితే ట్రెయిల్ 150కి చేరుతుంది. కేవలం ఒక చక్రం మార్చినందుకు వచ్చిన తేడా ఇది. ఆపైన చట్రపు మెడను కోసి వాలును 40 డిగ్రీలకు దించితే ట్రెయిల్ 225 దాటుతుంది.

ట్రెయిల్ పెరిగినకొద్దీ వేగంలో బండి తిన్నగా, నిబ్బరంగా పోతుంది. అమెరికా నైరుతి ఎడారుల్లో మైళ్ళ తరబడి వంపు లేని రోడ్లకు అది నప్పింది కూడా. కానీ అదే బండి ఊళ్ళో, నడక వేగంతో, మూల తిరిగేటప్పుడు వేరు మనిషిలా ప్రవర్తిస్తుంది. వాలు ఎక్కువైన ఫోర్కును కొంచెం తిప్పితే బండి ముందుభాగం కిందికి దిగుతుంది. ఆ బరువే హ్యాండిలును మరింత పక్కకు లాగుతుంది. నడిపేవాడు దాన్ని పట్టి నిలపవలసి వస్తుంది.

పెద్ద చక్రానికి గైరోస్కోపు గుణమూ ఎక్కువే. బరువంతా అంచున ఉందనుకుంటే తిరిగే చక్రపు కోణీయ ద్రవ్యవేగం బరువు, వ్యాసార్ధం, బండి వేగం అనే మూడింటి లబ్ధం. అంటే బరువు మారకపోతే వ్యాసార్ధం 8 శాతం పెరిగినప్పుడు, అదే వేగంలో చక్రం తన తలాన్ని మార్చుకోవడానికి 8 శాతం ఎక్కువ మొరాయిస్తుంది. చాపరులో టైరు సన్నగా, తేలికగా ఉండడం కొంత మేలు చేసింది. అయితే కెప్టెన్ అమెరికా బండికి ముందు బ్రేకే లేదు. బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు జారుతుంది గనుక బండిని ఆపే శక్తిలో పెద్ద వాటా ముందు టైరుదే. ఆ వాటాను అందం కోసం వదులుకున్నారు.

మంచి పనివారు దీనికి విరుగుడు కనిపెట్టారు. ఫోర్కు గొట్టాలను పట్టి ఉంచే పలకలను చట్రపు మెడ కోణానికి భిన్నంగా, మరికొన్ని డిగ్రీలు ముందుకు వాలేట్టు తయారుచేశారు. దానితో ఫోర్కు పొడుగ్గానే కనిపిస్తుంది, ట్రెయిల్ మాత్రం అదుపులోకి వస్తుంది. అయితే ఆ పలకలనే మామూలు చట్రానికి లెక్క చూడకుండా బిగిస్తే ట్రెయిల్ మరీ తగ్గి బండి వేగంలో వణకసాగుతుంది. ఒక లెక్కకు మందైనది మరొక లెక్కకు విషమైంది.

శాస్త్రం ఏమంది?

సైకిలు నిలకడ మీద విపుల్ సమీకరణాలు 1899 నాటివే. మోటారుసైకిలు విషయంలో 1971లో రాబిన్ షార్ప్ ప్రచురించిన పరిశోధన ఒక మలుపు. బండి అస్థిరత మూడు రకాలుగా ఉంటుందని ఆయన వివరించాడు: మెల్లగా పక్కకు ఒరిగిపోవడం, బండి మొత్తం అటూ ఇటూ ఊగడం, ముందుభాగం మాత్రం వడివడిగా వణకడం. టైరు పక్కకు చూపే పట్టు తక్షణం పుట్టదు, కొంత దూరం దొర్లాక పుడుతుంది. ఈ సంగతిని లెక్కలో చేర్చితేనే మూడవదైన వణుకు సరిగా అందింది. అంటే టైరును కేవలం గుండ్రని వస్తువుగా చూస్తే చాలదు.

2011లో ‘సైన్స్’ పత్రికలో వెలువడిన మరొక పరిశోధనలో గైరోస్కోపు ప్రభావమూ ట్రెయిలూ రెండూ లేకుండా చేసిన సైకిలు కూడా తనంతట తాను నిలబడి దొర్లగలదని చూపించారు. బరువు ఎక్కడ ఉంది, స్టీరింగు ఎలా వాలింది అన్నవి కలిసి ఆ నిలకడను ఇచ్చాయి. నడత ఏ ఒక్క అంకెకూ లొంగదు, అది అన్ని అంకెల ఉమ్మడి ఫలం అన్నమాట. ఒక్క అంకెను మార్చి తక్కినవాటిని మరిచిపోతే ఇబ్బంది ఎందుకు వస్తుందో దీన్నిబట్టే తెలుస్తుంది.

మూడవ దశ: వెనక లావు

1990ల చివర, 2000ల మొదట మోజు వెనక చక్రం మీదికి మళ్ళింది. 200, 240, చివరికి 300 మి.మీ. వెడల్పు టైర్లు వచ్చాయి. 2003లో మొదలైన ‘అమెరికన్ చాపర్’ టీవీ కార్యక్రమం ఆ మోజుకు నెయ్యి పోసింది. కర్మాగారాలూ వెనకబడలేదు. 2004లో ట్రయంఫ్ రాకెట్ 3 బండి 240 మి.మీ. వెనక టైరుతో వచ్చింది.

లావు టైరుతో పట్టు పెరుగుతుందని, మలుపు సులువవుతుందని అనుకోవడం సహజం. కారుకైతే అది కొంత నిజం. కానీ మోటారుసైకిలు ఒరిగి తిరిగే బండి. ఒరిగినప్పుడు టైరు నేలను తాకే చోటు మధ్య నుంచి అంచువైపు జరుగుతుంది. ఎంత లావైతే అంత దూరం జరుగుతుంది, అది బండిని తిరిగి లేపడానికి చూస్తుంది. గురుత్వ కేంద్రం 600 మి.మీ. ఎత్తున ఉందని, టైర్ల అడ్డుకోత అర్ధవృత్తమని, రెండు చక్రాలకూ ఒకే వెడల్పని అనుకుందాం. వెడల్పే లేని టైరు 30 డిగ్రీలు ఒరిగి తిరిగే మలుపును 100 మి.మీ. టైర్లు తిరగాలంటే సుమారు 33 డిగ్రీలు, 300 మి.మీ. టైర్లు తిరగాలంటే సుమారు 40 డిగ్రీలు ఒరగాలి. చాపరేమో నేలకు దగ్గరగా ఉండే బండి. ఆ కోణానికి చేరకముందే కాళ్ళు పెట్టుకునే చోటు రోడ్డును గీకుతుంది.

పైగా ముందు టైరు సన్నం, వెనకది లావు. 40 డిగ్రీలు ఒరిగినప్పుడు 300 మి.మీ. వెనక టైరు తాకే చోటు చక్రపు తలం నుంచి 96 మి.మీ. పక్కకు జరిగితే, 90 మి.మీ. ముందు టైరుది 29 మి.మీ. మాత్రమే జరుగుతుంది. అంటే రెండు చక్రాలు నేలమీద ఒకే గీతలో నిలవవు. హ్యాండిలును నిరంతరం నెట్టిపట్టుకుంటేగాని బండి మలుపులో ఉండదు. అంత టైరును ఇరికించడానికి చట్రపు వెనకభాగం వెడల్పు చెయ్యాలి, చెయిన్ లేక బెల్టును ఇంకా పక్కకు జరపాలి. అలా జరిపితే బరువు ఒకవైపు మొగ్గుతుందని కొందరు గేరుపెట్టె నుంచి వచ్చే చోదనాన్ని ఎడమ నుంచి కుడివైపుకు మార్చారు కూడా. ఒక టైరు కోసం బండి సగం మారిపోయింది.

ఇంతకీ లావు టైరంటే చెడ్డదని నా అభిప్రాయం కాదు. 2010లో డుకాటీ సంస్థ చూపించిన డయావెల్ బండికి 240 మి.మీ. వెనక టైరుంది. దాని అడ్డుకోతను పిరెల్లీ ఆ బండి కోసమే గుండ్రంగా మలచింది, చట్రాన్నీ అందుకు తగినట్టే గీశారు. ఆ బండి మలుపుల్లో హుషారుగా ఒరుగుతుందని పేరు తెచ్చుకుంది. ఇక్కడ టైరునూ బండినీ కలిపి ఆలోచించారు, తేడా అంతే.

మన బుల్లెట్టు సంగతి

ఈ కథ మనకు దూరం కాదు. 1955 నుంచి మద్రాసులో తయారైన బుల్లెట్టుకు దశాబ్దాల పాటు రెండువైపులా 3.25-19 టైర్లే. మన ఊళ్ళలో ఆ బండ్లకు చిన్న రిమ్ములూ లావు టైర్లూ బిగించుకునే ముచ్చట ఉంది. రెండువైపులా 17 అంగుళాల 100/90 టైర్లు వేశారనుకోండి, చక్రం వ్యాసం 648 నుంచి 612 మి.మీ.కు తగ్గుతుంది. ముందుచక్రం తిప్పే స్పీడోమీటరు సుమారు 6 శాతం ఎక్కువ చూపిస్తుంది. అదే వేగానికి ఇంజను అంతకంతా ఎక్కువ తిరగాలి. బండి 18 మి.మీ. కిందికి దిగుతుంది గనుక సైడు స్టాండు మీద మరీ నిటారుగా నిలుస్తుంది, కాస్త తగిలినా అవతలివైపు పడుతుంది. ట్రెయిల్ తగ్గి హ్యాండిలు చురుకవుతుంది, గతుకుల్లో చక్రం ఇంకొంచెం లోతుగా దిగుతుంది. సన్న రిమ్ముకు లావు టైరు వేస్తే దాని అంచులు లోపలికి నొక్కుకుపోయి, అడ్డుకోత తయారీదారు అనుకున్న ఆకారంలో ఉండదు.

చట్టం మాట కూడా ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను తయారీదారు పేర్కొన్న వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చడాన్ని నిషేధించింది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్నే గట్టిగా నొక్కిచెప్పింది. అయితే చట్టానికి భయపడి కాకుండా లెక్క తెలిసి వెనుదీయడమే మేలని నేననుకుంటాను.

మార్పు వద్దని ఈ చరిత్ర చెప్పడం లేదు. 1940 నాటి హార్లీ ఇంజనీర్లు మార్చారు, పలకల కోణం సరిచేసిన చాపరు పనివారు మార్చారు, డయావెల్‌ను గీసినవారూ మార్చారు. చక్రం మార్చినప్పుడు దానితోపాటు ఇంకేం మారుతుందో వారు ముందే కొలుచుకున్నారు. మనవాళ్ళెవరైనా రిమ్ము మార్చే ఉబలాటంలో ఉంటే, దుకాణానికి పోయేముందు పాత చక్రం ఎత్తును టేపుతో ఒకసారి కొలిచి రాసి పెట్టుకోవాలి. కొత్త చక్రం ఎత్తు దానికి ఎంత దగ్గరగా ఉంటే, ఆ బండి మొదటి మలుపులో అంత తక్కువ ఆశ్చర్యపెడుతుంది.