11 మిల్లీసెకన్ల చరిత్ర

విశాఖపట్టణమున గాజువాకను ఆనుకొనియున్న ఆటోనగర్‌లో లారీ యింజనులు బాగుచేయు మేస్త్రీలు బండి బలము నెంచుటకు ముందుగా డీజిలు పంపు టైమింగు చూతురు. ఇంధనము చేరవలసిన క్షణమున సిలిండరును చేరనిచో ఎంతటి యింజనైనను నల్లపొగ గ్రక్కునే కాని బరువు లాగదు. వర్చువల్ రియాలిటీ ఆటలకు గ్రాఫిక్స్ సెట్టింగులు కుదుర్చు విద్యయు నిట్టిదే. అందు అలంకారముకన్న కాలనియమము ప్రధానమని తెలియుటకు ఇంచుమించు అర్ధశతాబ్ది పట్టినది.

1968లో ఐవాన్ సదర్లాండ్ నిర్మించిన శిరోయంత్రము పైకప్పునుండి వ్రేలాడవలసినంత బరువైనది. అందు కనుపించినవి వట్టి గీతల ఆకారములు. రంగులు లేవు, నీడలు లేవు గనుక సవరించుకొను చిక్కును లేదు. 1995లో నింటెండో తెచ్చిన వర్చువల్ బాయ్ ఎఱుపు నలుపులతోనే కాలము గడిపి, ఏడాది తిరుగకమునుపే అంగళ్లనుండి అంతరించినది.

2012లో పామర్ లక్కీ ప్రజలనుండి చందాలు కూర్చి ఆరంభించిన ఆక్యులస్ హెడ్‌సెట్టుతో అసలు కథ మొదలైనది. మరుసటి యేట వెలువడిన తొలి కిట్టు సెకనుకు 60 చిత్రములు చూపెడిది. తల త్రిప్పినంతనే దృశ్యమంతయు అలికినట్లగుచుండెను. ప్రతిచిత్రము తెరపై నిలిచియున్నంతసేపు కన్ను కదలుచుండుటయే దీనికి ముఖ్యకారణము. 2014నాటి రెండవ కిట్టులో చిత్రమును లిప్తపాటు మాత్రమే వెలిగించి ఆర్పు ఉపాయమును, 75 చిత్రముల వేగమును వచ్చినవి. 2016లో రిఫ్ట్, వైవ్ హెడ్‌సెట్లు 90ని ప్రమాణముగా నిలిపినవి. అనగా రెండు కన్నులకును రెండు దృశ్యములు 11 మిల్లీసెకన్లలో సిద్ధము కావలెను. గడువు పదేపదే తప్పినచో లోకము కుదుపులకు లోనై, ఆడువానికి కడుపులో వికారము పుట్టును. ఆ యేటనే, గ్రాఫిక్స్ కార్డు 45 చిత్రములు గీయగా తక్కిన 45ను ఊహించి పూరించు స్పేస్‌వార్ప్ వచ్చినది. ఉపకారియే కాని, వేగముగా కదలు చేతుల అంచులను చెదరగొట్టు దోషము దానికి కలదు. దానినే నమ్ముకొనుట నాకు సమ్మతము కాదు.

కటకముల వంపును సరిచేయుటకై చిత్రమును తెరకన్న పెద్దదిగా గీయవలసివచ్చును. వైవ్ తెర కంటికి 1080×1200. గీయవలసినది 1512×1680, అనగా పిక్సెళ్లు దాదాపు రెట్టింపు. ఈ భారము నెఱిగియే వాల్వ్ సంస్థ ఇంజనీరు అలెక్స్ వ్లాకోస్, కార్డు అలసినపుడు స్పష్టతను తనంతట తగ్గించి, తీరికయైనపుడు పెంచు పద్ధతిని 2016లో వివరించెను. 2019నాటి క్వెస్ట్ హెడ్‌సెట్టు మొబైలు చిప్పుతో 72 చిత్రములకు తృప్తిపడి, దృశ్యపు అంచులను మోటుగా గీసి మధ్యభాగమును కాపాడినది.

మన సముద్రతీరపు వేసవి ఉక్కలో మరియొక చిక్కు కలదు: కార్డు వేడెక్కి తన వేగమును తానే తగ్గించుకొనును. తొలి పది నిమిషములు సాఫీగా సాగిన ఆట పిదప తడబడుట కిదియు నొక కారణము.

కావున పాఠకులు మొదట రిఫ్రెష్ రేటు, అనగా సెకనుకు చూపు చిత్రముల సంఖ్య, నిర్ణయించుకొని, నీడలను, పొగమంచును, ప్రతిబింబములను తగ్గించి, అంచుల నునుపునకు 4× ఎంఎస్ఏఏ ఉంచి, స్పష్టతను కడపట పెంచవలెను. సగటు లెక్కను చూచి మురియక, అరగంట ఆడి, అన్నింటికన్న ఆలస్యమైన చిత్రమును చూడుడు; 90 నిలువనిచో, హెడ్‌సెట్టులో వీలున్నయెడల, నిలకడైన 72 మేలు.