గుండె ఎంత రక్తము తోడును?

మణికట్టుపై వ్రేళ్లుంచి నాడి చూచుట మనకు చిరపరిచితము. గుండె ఎన్నిమారులు కొట్టుకొనుచున్నదో నాడి చెప్పును; ఎంత రక్తము పంపుచున్నదో చెప్పదు. ఏతము ఎన్నిమారులు వంగి లేచినదో లెక్కించినంత మాత్రమున మడికి పారిన నీరెంతో తెలియునా? ప్రతిమారు బానలో ఎంత నీరు వచ్చినదో కూడ తెలియవలెను గదా!

ఆహారమునుండి రక్తము ఎడతెగక పుట్టి, దేహమున ఖర్చగుచుండునని పూర్వపు యూరపు వైద్యుల నమ్మకము. 1628లో ఇంగ్లండు వైద్యుడు విలియం హార్వే ఒక చిన్న లెక్క వేసెను. గుండె ఒక్కొక్క కొట్టుకు పంపు రక్తమును ఎంత తక్కువగా అంచనా వేసినను, అరగంటలో వెడలు మొత్తము దేహమందలి రక్తమంతటిని మించుచుండెను. అంత రక్తము కొత్తగా పుట్టుట అసంభవము. ఉన్న రక్తమే తిరిగి తిరిగి వచ్చుచున్నదని అతడు నిర్ణయించెను. కాని అది అంచనాయే గాని కొలత కాదు.

కొలుచు మార్గమును 1870లో జర్మనీలోని వూర్జ్‌బర్గునందు అడాల్ఫ్ ఫిక్ చూపెను. మనిషి నిమిషమునకు 250 మిల్లీలీటర్ల ప్రాణవాయువును ఊపిరితిత్తులద్వారా గ్రహించుచున్నాడనుకొందము. ఊపిరితిత్తులు చేరు రక్తమున లీటరుకు 150, వెడలు రక్తమున 200 మిల్లీలీటర్ల ప్రాణవాయువున్నచో, ప్రతి లీటరు 50 మిల్లీలీటర్లను గైకొన్నదన్నమాట. 250ని 50చే భాగించిన 5 వచ్చును. నిమిషమునకు 5 లీటర్లు! విశ్రాంతిగా నున్న పెద్దవారి గుండె తోడునది సుమారింతయే.

లెక్క బడిపిల్లలు చేయదగినదే. చిక్కు మరియొకచోట నున్నది. అన్ని అవయవములనుండి మరలివచ్చిన రక్తము చక్కగా కలియునది గుండె కుడిభాగమునందే. అచ్చటి రక్తమును తీయుట యెట్లు? జంతువుల గుండెలోనికి గొట్టము పంపినవారుండిరి. బ్రతికియున్న మనిషి గుండెను తాకుటకు వైద్యులు జంకిరి. దాదాపు డెబ్బదియేండ్లు ఆ సూత్రము మానవునికి పూర్తిగా అక్కరకు రాలేదు.

1929లో ఎబెర్స్‌వాల్డెలో వెర్నర్ ఫోర్స్‌మాన్ అను యువవైద్యుడు, పై అధికారి వలదన్నను వినక, తన చేతి సిరలోనికి 65 సెంటీమీటర్ల సన్నని గొట్టమును చొప్పించుకొనెను. ఆ గొట్టముతోనే ఎక్స్‌రే గదికి నడచి, అది గుండెను చేరినట్లు ఛాయాచిత్రము తీయించెను. ఔషధమును నేరుగా గుండెకు అందించుటయే అతని ఉద్దేశము. మెప్పుకన్న మందలింపే అతనికి దక్కినది.

న్యూయార్కులోని బెల్‌వ్యూ ఆసుపత్రిలో ఆంద్రే కూర్నాన్, డికిన్సన్ రిచర్డ్సు 1940వ దశకమున ఆ మార్గముననే ఫిక్ సూత్రమును ఆచరణలో పెట్టిరి. అది యుద్ధకాలము. తీవ్రముగా గాయపడి రక్తము కోల్పోయినవారిలో నాళములు బిగిసి, రక్తపోటు కొంతసేపు నిలకడగా కన్పట్టవచ్చును. లోపల గుండె పంపు రక్తము అప్పటికే తగ్గియుండును. ఆ తగ్గుదలను వారు కొలిచి చూపిరి. కోల్పోయిన రక్తమును సకాలమున పూరింపవలసిన యవసరము దానివలన తేటపడెను. 1956లో ఈ ముగ్గురికి నోబెల్ బహుమానము లభించెను.

1970లో స్వాన్, గాంజ్ అనువారు కొనయందు చిన్న బుడగగల గొట్టమును ప్రవేశపెట్టిరి. నేడు పెక్కుచోట్ల శబ్దతరంగములచే వెలుపలినుండియే ఈ పరిమాణమును అంచనా వేయుచున్నారు.

శ్రోతలకు మేము మనవి చేయదలచిన దొక్కటే. రోగి నాడి ఆడుచున్నదన్నంత మాత్రమున మెదడుకు, మూత్రపిండములకు చాలినంత రక్తము చేరుచున్నదని కాదు. ఆ భేదమును వైద్యునకు తెలుపు అంకె వెనుక ఒకని లెక్కయు, మరియొకని తెగువయు, ఇరువురి ఓర్పును ఉన్నవి.