మన వంతు ఆకాశంలో ఉలిక్కిపడే జంట చుక్కలు



పోయిన కార్తీకంలో నిర్ణాలో వనభోజనాలు పెట్టుకున్నాం కదా. గిన్నెలు సర్దేసరికి చీకటి పడింది, అంతలో కరెంటు పోయింది. పిల్లలంతా చాపల మీద వెల్లకిలా పడుకుని చుక్కలు లెక్కపెడుతున్నారు. అందులో ఒక పిల్లవాడు నన్ను అడిగాడు: "తాతయ్యా, వోల్టేజీ పెరిగితే మన ఇంట్లో బల్బు ఒక్కసారి భగ్గుమంటుంది కదా, చుక్కలు కూడా అలా భగ్గుమంటాయా?" పెద్దవాళ్లు నవ్వారు. నేను మాత్రం "భగ్గుమంటాయిరా, అలాంటివి రెండు ఇదిగో ఈ దక్షిణం వైపే ఉన్నాయి" అన్నాను. పూర్తి కథ తర్వాత రాస్తానని మాట ఇచ్చాను. ఆ బాకీ ఈరోజు తీరుస్తున్నాను. కొంచెం పొడుగు ఉంటుంది, తీరిగ్గా చదవండి.

నా చదువంతా తమిళ మీడియం అని మీకు తెలిసిందే. నాన్నగారి ఉద్యోగం జోలార్‌పేటలో, మేముండేది రైల్వే కాలనీలో. తెలుగు అక్షరాలు అమ్మ దగ్గర పలక మీద నేర్చుకున్నవే. కాబట్టి భాషలో తప్పులుంటే దిద్దండి. తమిళంలో నక్షత్రాన్ని విణ్మీన్ అంటారు, అంటే ఆకాశంలో ఉండే చేప. ఈరోజు చెప్పబోయే చుక్కలు తిమింగలం అనే నక్షత్ర మండలంలో ఉన్నాయి. తిమింగలం కడుపులో చేపలన్నమాట!

డిసెంబరు మొదట్లో రాత్రి తొమ్మిది గంటలకు నిర్ణాలో దక్షిణం వైపు తిరిగి నిలబడితే, ఆకాశంలో సగం ఎత్తు దాటి టౌ సెటి అనే ఒక మామూలు చుక్క కనిపిస్తుంది. దానికి దగ్గర్లోనే మన జంట ఉంటుంది. కంటికి కనబడదు. చిన్న బైనాక్యులర్‌కు కూడా అందదు, మంచి టెలిస్కోపు కావాలి. దూరం 8.7 కాంతి సంవత్సరాలు. ఆకాశం లెక్కలో ఇది పక్క వీధి. సూర్యుడికి అతి దగ్గరి ఇరుగుపొరుగులో ఇవీ ఉన్నాయి. అయినా కనబడవు, ఎందుకంటే రెండూ ఎర్ర మరుగుజ్జులు. ఒక్కొక్కదాని బరువు సూర్యుడి బరువులో పదో వంతుకు కొంచెం అటూ ఇటూ. కంటికి కనిపించే వెలుగైతే సూర్యుడి వెలుగులో పదివేలో వంతు కూడా లేదు. ఒకదాని చుట్టూ ఒకటి తిరగడానికి సుమారు 26న్నర ఏళ్లు పడుతుంది.

ఇప్పుడు మన సంగతి. 1887లో పారిస్‌లో అనేక దేశాల ఖగోళ శాస్త్రజ్ఞులు కూర్చుని, మొత్తం ఆకాశాన్ని ఫోటో తీసి పటం గీయాలని నిర్ణయించారు. ఆకాశాన్ని పట్టీలుగా కోసి తలా ఒక పట్టీ పంచుకున్నారు. దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల దాకా ఉన్న పట్టీ మొదట చిలీ దేశంలోని శాంటియాగోకు ఇచ్చారు. అక్కడ పని సాగలేదు. ఆ వంతు చివరికి ఎవరికి వచ్చిందో తెలుసా? హైదరాబాదుకు! నవాబ్ జఫర్ జంగ్ తన సొంత డబ్బుతో టెలిస్కోపులు తెప్పించి 1901లో మొదలుపెట్టిన నిజామియా అబ్జర్వేటరీకి. ఆయన 1907లో పోయారు. మరుసటి ఏడాది నిజాం సర్కారు దాన్ని తీసుకుంది. చాట్‌వుడ్ అనే ఇంగ్లీషాయన మొదటి డైరెక్టరు. అబ్జర్వేటరీ బేగంపేటకు మారింది. తర్వాత 1914లో పోకాక్ వచ్చారు, 1918లో ఉద్యోగంలో ఉండగానే చనిపోయారు. ఆ తర్వాత టి.పి. భాస్కరన్ 1944 దాకా పని నడిపించారు.

అప్పుడు మన బీదరు, మన నిర్ణా నిజాం రాజ్యంలోనివే. 1956లో రాష్ట్రాలు విడిపోయి మనం కర్ణాటక వైపు వచ్చాం గానీ, ఆ పనికి ఖర్చయిన సర్కారు రూపాయల్లో మన తాతలు కట్టిన శిస్తు కూడా ఉంది. అందుకే మన వంతు ఆకాశం అంటున్నాను.

పని ఎలా జరిగేదంటే, రాత్రి గాజు ప్లేట్ల మీద ఫోటోలు తీయాలి. పగలు ఒక్కొక్క ప్లేటు కొలత యంత్రంలో పెట్టి, ఒక్కొక్క చుక్క ఎక్కడుందో చూసి పుస్తకంలో రాయాలి. అంతా గుమాస్తా పనే! అలా రాసి రాసి 1917 నుంచి 1946 వరకు పన్నెండు సంపుటాలు అచ్చు వేశారు. ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాలు. డైరెక్టర్ల పేర్లు చరిత్రలో ఉన్నాయి. కొలిచి, రాసి, సరిచూసిన చేతుల పేర్లు మనలో ఎవరం ఎరగం. నేను ముప్పై ఏళ్లకు పైగా రిజిస్టర్లు రాసినవాడిని కాబట్టి నాకు వాళ్ల మీదనే ఎక్కువ గౌరవం.

మన జంట చుక్కలు సరిగ్గా ఈ పట్టీలోనే ఉన్నాయి, దక్షిణాన 18 డిగ్రీల దగ్గర. కానీ ఆ కేటలాగు పెట్టుకున్న హద్దు పదకొండో తరగతి వెలుగు. తరగతి అంకె పెరిగేకొద్దీ చుక్క మసక అవుతుంది. కంటికి ఆరు దాకా కనిపిస్తాయి. ఈ జంట పన్నెండు దాటింది, పైగా ఎర్రవి. ఆనాటి ప్లేట్లు నీలం రంగును బాగా పట్టేవి, ఎరుపును పట్టేవి కావు. హైదరాబాదు టెలిస్కోపు ఆ చోటు మీదుగా వెళ్లింది గానీ, హద్దుకు బయట ఉన్న ఈ ఇద్దరూ జనాభా లెక్కలోకి రాలేదు.

వీళ్లను పట్టుకున్నది విలెం లూటెన్. ఇండోనేషియాలోని సెమరాంగ్‌లో పుట్టిన డచ్చాయన, అమెరికాలోని మిన్నెసోటాలో ప్రొఫెసరు. యువకుడిగా ఉండగానే ఒక ప్రమాదంలో ఒక కన్ను పోయింది. ఉన్న ఒక్క కంటితో జీవితమంతా వేల ప్లేట్లు చూశారు. ఏళ్ల తేడాతో తీసిన రెండు ప్లేట్లను ఒకదాని తర్వాత ఒకటి మార్చి మార్చి చూస్తే, దగ్గరి చుక్క చోటు మారి గెంతినట్టు కనిపిస్తుంది. అలా గెంతేవాటి జాబితాలో దొరికిందే ఈ జంట. చంద్రబింబం వెడల్పంత దూరం జరగడానికి దీనికి సుమారు 530 ఏళ్లు. మనకు అది నత్తనడక, చుక్కల లోకంలో మాత్రం పరుగే.

అది 1948. ఆ సెప్టెంబరులో మన జిల్లాలో ఏం జరిగిందో పెద్దవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. అదే సెప్టెంబరులో కాలిఫోర్నియాలోని మౌంట్ విల్సన్ వద్ద జాయ్, హ్యూమసన్ అనే ఇద్దరు ఈ జంట వెలుగును విడదీసి చూస్తుంటే, ఒక ప్లేటులో అది మామూలుగా లేదు. ఆ డిసెంబరు 7న అరిజోనాలో కార్పెంటర్ అనే ఆయన, దూరం కొలవడానికి ఒకే ప్లేటు మీద వరసగా కొన్ని ఫోటోలు తీశారు. చుక్క అన్నిట్లో ఒకే సైజులో ఉండాలి. ఒకదాంట్లో లావుగా పడింది. లెక్క కడితే మామూలు కంటే సుమారు 12 రెట్లు వెలుగు! కొద్ది నిమిషాల్లోనే మళ్లీ తగ్గిపోయింది.

నన్ను ఆపింది ఇక్కడే. ఇలాంటిది చూసినవాళ్లు వీళ్లే మొదటివాళ్లు కాదు. 1924లోనే హెర్ట్జ్‌స్ప్రుంగ్ అనే గొప్ప శాస్త్రజ్ఞుడు దక్షిణ ఆకాశంలో ఒక మసక చుక్క హఠాత్తుగా వెలగడం ప్లేటులో చూశారు. బహుశా ఏదో చిన్న గ్రహశకలం దాని మీద పడి ఉంటుందనుకున్నారు. 1940ల్లో వాన్ మానెన్ మరో రెండు ఎర్ర చుక్కల్లో ఇలాంటిదే గమనించారు. నక్షత్రమంటే స్థిరమైనది, నిమిషాల్లో పెరిగి తగ్గేది కాదు అని అందరి నమ్మకం. నమ్మకానికి సరిపోని ఎంట్రీ కనిపిస్తే మనిషి ముందుగా ఎంట్రీనే అనుమానిస్తాడు. 1948లో అలా కొట్టిపారేయడానికి వీల్లేకపోయింది. రెండు చోట్ల, వేరువేరు మనుషులు, ఒకే చుక్క.

జంటలో ఎగసిపడే చుక్కకు యూవీ సెటి అని పేరు పెట్టారు. రెండోదీ తక్కువది కాదు, అదీ ఎగసిపడుతుంది. 1952లో యూవీ సెటి ఇరవై సెకన్లలో 75 రెట్లు వెలిగింది. ఇరవై సెకన్లంటే టికెట్ ఇచ్చి చిల్లర లెక్కపెట్టేంత సేపు! ఆ తర్వాత దొరికిన ఇలాంటి చుక్కలన్నిటినీ యూవీ సెటి రకం అంటున్నారు.

కారణం టూకీగా చెబుతాను. ఈ చిన్న నక్షత్రాల లోపల వేడి వాయువు అడుగు నుంచి పైదాకా అన్నం ఉడికినట్టు కుతకుత పొర్లుతూ ఉంటుంది. పైగా గిర్రున తిరుగుతాయి. మన సూర్యుడు ఒక చుట్టు తిరగడానికి దాదాపు నెల తీసుకుంటే, ఈ రెండూ ఆరు గంటల్లోపే తిరుగుతాయి. దానివల్ల బలమైన అయస్కాంత క్షేత్రం పుడుతుంది. మెలితిప్పిన తాడులా అది బిగిసి బిగిసి ఒక్కసారి తెగుతుంది. అందులో దాగిన శక్తి అంతా బయటపడుతుంది. సూర్యుడి మీదా జ్వాలలు లేస్తాయి గానీ అంత పెద్ద వెలుగులో మనకు తేడా తెలియదు. పెట్రోమాక్స్ దగ్గర అగ్గిపుల్ల గీస్తే ఎవరు చూస్తారు? చీకటి గదిలో గీస్తే అందరూ చూస్తారు.

తర్వాత ఇంగ్లండులో బెర్నార్డ్ లోవెల్ జోడ్రెల్ బ్యాంక్ పెద్ద రేడియో టెలిస్కోపును ఈ చుక్క వైపు తిప్పారు. రేడియోలో గరగర వినిపించిన సమయానికే కంటి వెలుగు కూడా పెరిగిందా అని చూడటానికి, ఉపగ్రహాలను గమనించే బేకర్-నన్ కెమెరాల సాయం తీసుకున్నారు. రెండూ కలిశాయని 1963లో ప్రకటించారు. ప్రపంచమంతా కలిపి పన్నెండు చోట్ల అలాంటి కెమెరాలు ఉండేవి, ఒకటి మన నైనిటాల్‌లో. ఆ నైనిటాల్ అబ్జర్వేటరీని నిలబెట్టిన వేణు బాపు ఎవరనుకుంటున్నారు? తండ్రి నిజామియా అబ్జర్వేటరీ ఉద్యోగి, కొడుకు హైదరాబాదు నిజాం కాలేజీలో చదివి, హైదరాబాదు రాష్ట్ర స్కాలర్‌షిప్‌తో హార్వర్డ్ వెళ్లినవాడు. తర్వాత జవ్వాది కొండల్లో కావలూరు అబ్జర్వేటరీ కట్టిందీ ఆయనే. మా జోలార్‌పేట నుంచి కావలూరు దగ్గరే. స్కూల్లో ఉండగా మాస్టారు మమ్మల్ని అక్కడికి తీసుకెళ్లారు. ఆ రాత్రి పట్టిన పిచ్చి ఇంకా వదల్లేదు.

ఇక నా సొంత తప్పు ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, చిన్న స్టేషన్ల నుంచి వచ్చే టికెట్ల లెక్కలు నెలవారీ పట్టికలోకి ఎక్కించడం నా పని. ఒక చిన్న స్టేషనుకు రోజుకు ముప్పై నలభై టికెట్లు దాటవు. ఒక రోజు లెక్కలో 412 అని ఉంది. అక్కడి గుమాస్తా చేయి జారి చివర ఒక అంకె ఎక్కువ రాశాడనుకున్నాను. ఎవరినీ అడగలేదు. 41 అని దిద్ది ముందుకు పంపాను. ఆ రోజు ఆ ఊరి జాతర! నా పట్టిక చూసినవాళ్లకు ఆ ఊళ్లో జనమే లేరు. మరుసటి ఏడు జాతరకు అదనపు పెట్టె వేయలేదు. జనం ఎండలో పిల్లలను ఎత్తుకుని నిలబడి, సగంమంది ఎక్కలేకపోయారని తర్వాత తెలిసింది. నన్ను ఎవరూ మందలించలేదు, ఎవరికీ తెలియదు కూడా. ఆ 412 మాత్రం నాకు ఇప్పటికీ గుర్తుంది.

1951లో హార్లో షాప్లీ హార్వర్డ్‌లో దాచిన పాత ప్లేట్లు తీయించి చూశారు. మనకు అన్నిటికంటే దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారి కూడా ఎగసిపడే రకమేనని, వంద ఫోటోల్లో సుమారు ఎనిమిదింట్లో వెలుగు పెరిగి ఉందని తేలింది. ఆ ఫోటోలు తీసినప్పుడు ఎవరూ గమనించలేదు. కానీ ఎవరూ వాటిని చెరపలేదు, పారేయలేదు. అందుకే పనికొచ్చాయి.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, మొన్నటి సమావేశంలో మన సంఘం పాత రిజిస్టర్లను కంప్యూటరులోకి ఎక్కిద్దామని అనుకున్నాం. మంచి పని, నేనూ కూర్చుంటాను. ఒక ఏడాది చందాల పుస్తకంలో పేర్లు మిగతా ఏళ్ల కంటే మూడింతలు ఉన్నాయి. తప్పయి ఉంటుంది, ఏరేసి శుభ్రంగా రాద్దాం అన్నారు కొందరు. దయచేసి అలా చేయవద్దు. ఉన్నది ఉన్నట్టు ఎక్కిద్దాం. పాత పుస్తకం కూడా దాచుదాం. ఆ ఏడు ఏం జరిగిందో మన పెద్దవాళ్లను అడుగుదాం. గుర్తున్నవాళ్లు ఈ పోస్టు కిందనే రాయండి.

వచ్చే కార్తీకంలో మళ్లీ నిర్ణాలో కలుద్దాం. ఆ పిల్లవాడిని నా పక్కన కూర్చోబెట్టండి. ఆ చోటు వేలు పెట్టి చూపిస్తాను. అక్కడ ఏమీ కనబడదు. అయినా చూపిస్తాను.

సెలవు.